మూతలో పొడి, సీసాలో మందు

ఏప్రిల్ 7, సోమవారం

షంషాద్ వచ్చింది. హిందూపురానికి, మా కంపెనీకే, నా టేబుల్ పక్క టేబుల్‌కే.

సారు పొద్దున్నే మోల్డింగ్ సెక్షన్ వాళ్లతో సహా అందరినీ పిలిచి పరిచయం చేశారు. "బెంగళూరులో పదకొండేండ్లు మందుల సీసాలు డిజైన్ చేసిందప్పా. మన ధర్మవరం ఆడబిడ్డే. మన మూత పని ఇంక ముందుకు పోతాది." ముందుకు పోతుందట. అంటే ఏడాదిన్నరగా నేను దాన్ని వెనక్కి లాగుతున్నానా?

ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "ఏమ్మే సరోజా, రవ్వంత కూడా మారలేదే నువ్వు!" పాలిటెక్నిక్‌లో మూడేళ్లు ఒకే బెంచీ. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో నేను ఫస్ట్, తను సెకండ్. మూడేళ్లూ అంతే. ఆమెకు గుర్తుందో లేదో. నాకు గుర్తుంది.

ఏప్రిల్ 8

మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బా నా ముందుకు జరిపింది. తిన్నాను. బాగుంది. బాగున్నందుకూ నాకు కోపం వచ్చింది.

ఏప్రిల్ 11, శుక్రవారం

"మూత సంగతంతా షంషాద్‌కు వివరంగా చెప్పు సరోజా" అన్నారు సారు. చెప్పాను. చెబుతున్నంతసేపూ ఇంటి తాళాలు ఎవరి చేతిలోనో పెడుతున్నట్టు...

పట్టుపురుగుల షెడ్డు శుభ్రం చేసే మందు. రెండు భాగాలు. సీసాలో ద్రవం, విడిగా పొట్లంలో పొడి. రెండూ కలిస్తేనే మందు. ముందే కలిపి అమ్మితే కొద్దిరోజులకే దాని సత్తువ పోతుంది. రైతు దగ్గరేమో పొట్లం చింపేటప్పుడు సగం నేలపాలు. లేదంటే "ఇంత చాల్లే" అని అందాజు. మందు పని చేయదు. రోగం వస్తుంది. పురుగులు ఉబ్బి, తెల్లగా నీరు కారి చచ్చిపోతాయి. నెల రోజుల కష్టాన్ని గంపలకెత్తి గుంతలో పూడ్చాలి. కొత్తచెరువు దగ్గర మా అక్క లక్ష్మీదేవి రెండుసార్లు పూడ్చింది. రెండోసారి గంప ఇంకో పక్క పట్టుకున్నది నేనే.

అందుకే ఈ మూత. పొడి మూతలోనే ఒక అరలో ఉండాలి. వాడే రోజున పైనుంచి నొక్కితే లోపలి బ్లేడు అడుగున ఉన్న రేకును చింపాలి, పొడి సీసాలో పడాలి. పది నిమిషాల్లో మందు పసుపు రంగుకు తిరగాలి. అప్పుడు నీళ్లలో కలిపి పిచికారీ. చేతికి అంటకూడదు, కొలత తప్పకూడదు.

నా మూతలో చిక్కు ఒకటే. చిరిగిన రేకు ముక్క కిందికి వేలాడి కొంత పొడిని పట్టి ఉంచుతుంది. బ్లేడుకు పళ్లు పెంచాను, తగ్గించాను, ఏటవాలుగా చేశాను. పద్నాలుగు రకాలు.

అంతా విని "ఊ" అంది. అంతే. పుస్తకంలో ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో చూద్దామని మెడ చాచాను. నా మీద నాకే సిగ్గేసింది.

ఏప్రిల్ 16, బుధవారం

నా మూతను రంపంతో నిలువునా కోసి టేబుల్ మీద పెట్టుకుంది. అడగలేదు. కోసింది.

"చింపేది ఏంటికి మే?"

"చింపకుంటే పొడి ఎట్ల పడతాది?"

"ఏమో... ఊరికే అడుగుతాండా."

పెనుకొండకు ఇంటికెళ్లే బస్సులో గంటసేపు అదే. చింపేది ఏంటికి. ఏడాదిన్నరలో ఎలా చింపాలో తప్ప ఎందుకు చింపాలో నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

ఏప్రిల్ 22

డ్రాయింగ్ పెట్టేసింది.

రేకు లేదు. బ్లేడు లేదు. పొడి అరకు అడుగున ఒక బిరడా. ఆ బిరడా కాళ్లు సీసా మెడను పట్టుకుని ఉంటాయి. మూతను ఒక చుట్టు తిప్పితే అర పైకి లేస్తుంది, బిరడా ఉన్నచోటే ఉంటుంది. మధ్యలో సందు. పొడి మొత్తం జారిపోతుంది. నాది ఐదు ముక్కల మూత. ఆమెది మూడు.

పదిహేను రోజులు. పదిహేనే.

సారు ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశారు. నా కాగితాలన్నీ టేబుల్ మీదే చూసేవారు, టీ గ్లాసు పక్కకు జరిపి.

ఏప్రిల్ 23

ఎక్కడో తప్పు ఉంటుంది. ఉండాలి.

ఏప్రిల్ 30, బుధవారం

మోల్డు నుంచి మొదటి మూతలు దిగాయి. ఇంకా వెచ్చగా ఉన్నాయి. షంషా పొడి నింపి, సీసాకు బిగించి, నా చేతికిచ్చింది. "నువ్వు తిప్పు మే." తిప్పాను. పొడి పడింది. మూత విప్పి చూశాం. ఒక్క రవ్వ మిగల్లేదు. సీసా ఊపి పెట్టాం. పది నిమిషాలకు నిమ్మపండు పసుపు.

అందరూ చప్పట్లు. అందరికంటే గట్టిగా నేనే కొట్టాను.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "మంచిదే కదా, నీ తలనొప్పి వదిలె" అన్నాడు. ఆ తలనొప్పి నాది. అది ఎలా చెప్పాలి ఆయనకు?

ఆమె చెడిపోవాలని నాకు లేదు. ఓడిపోవాలని మాత్రమే. రెండింటికీ తేడా ఉందని రాసుకుంటున్నాను.

మే 4, ఆదివారం

అక్క షెడ్డు చూడాలంది షంషా. ధర్మవరం నుంచి పెనుకొండకు వచ్చింది, ఇద్దరం కలిసి వెళ్లాం. అక్క మల్బరీ ఆకు కోసి అప్పుడే వచ్చింది. చేతులు తడి. షంషా సీసా ఇచ్చి "తిప్పక్కా" అంది. అక్క తిప్పింది. చేయి జారింది. మళ్లీ తిప్పింది. జారింది.

షంషా సీసా వెనక్కి తీసుకోలేదు. అక్క చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. వేళ్లు ముడిచి చూసింది, చాపి చూసింది. బొటనవేలి దగ్గరి కాయను నిమిరింది. "ఈడ నొప్పి ఉండాదా అక్కా?" "తెల్లారితే పట్టేస్తాది తల్లీ." మూతకు పట్టు దొరికేలా రెండు చెవులు పెట్టాలని అక్కడికక్కడే గీసుకుంది.

వచ్చేటప్పుడు అక్క ఆమెకు కొత్త చింతపండు మూట కట్టిచ్చింది. నాతో అంది — "ఇన్నేండ్లకు ఒకరు నా చెయ్యి చూసి అడిగినారు."

నేను ఆ ఇంట్లోనే పుట్టాను. నలభైకి దగ్గర పడ్డాను. ఆ చేయి చూడలేదు.

బస్సులో షంషా నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. కదలకుండా కూర్చున్నాను. కదిపి లేపాలని ఉంది... కదలకుండానే కూర్చున్నాను.

మే 8, గురువారం

కనిపించింది.

పొద్దున పరీక్షకు కలిపిన సీసాల్లో ఒకటి కిటికీ గట్టు మీద మరిచిపోయాం. భోజనం అయ్యాక నేనొక్కదాన్నే ముందు వచ్చాను. ఎండ నేరుగా దాని మీద. చేతిలోకి తీసుకుంటే గట్టిగా ఉంది, గాలి నింపిన ట్యూబులా. అడుగు ఉబ్బింది. గట్టు మీద నిలబెడితే నిలవడం లేదు, ఊగుతోంది.

ముక్కుకు గుడ్డ కట్టుకుని, ముఖం పక్కకు తిప్పి, మూతను మెల్లగా వదులు చేశాను. బుస్సుమంది. ఘాటు. కళ్లు మండాయి.

పొడి, ద్రవం కలిశాక గ్యాసు పుడుతుంది. ఆమె మూత అంత బాగా బిగుసుకుంటుంది కాబట్టి గ్యాసుకు దారి లేదు. పది నిమిషాలకే విప్పితే ఏమీ కాదు. మేం పరీక్షించింది పది నిమిషాలకే. కలిపి గంటలు వదిలేస్తే, అదీ ఎండలో...

సీసాను సింకులో ఒంపేశాను. కడిగాను. చెత్తబుట్టలో వేశాను, మీద కాగితాలు వేశాను.

షంషా వచ్చింది. "ఏం మే, కండ్లు ఎర్రగుండాయే?" "దుమ్ము."

నా కడుపులో ఎంత తేలికగా అనిపించిందో రాయాలి. ఇక్కడైనా రాయాలి. నెల రోజుల తర్వాత మొదటిసారి ఆకలిగా ఇంటికొచ్చాను.

మే 9

రేపు చెబుతాను. ఒక్క రోజు. ఒక్క రోజు అందరికంటే ఎక్కువ తెలిసినదానిగా ఉండనీ.

మే 12, సోమవారం

చెప్పలేదు.

ఈ రోజు తనే అడిగింది. చెవుల మూత డ్రాయింగ్ నా ముందు పరిచి — "నీ కన్ను పడితే ఏదీ దాగదు మే. ఇంకా చూడాల్సింది ఏమన్నా ఉండాదా?"

సారు కూడా పక్కనే ఉన్నారు. సారు ఆమె వైపు చూస్తున్నారు, నా వైపు కాదు.

"లేదు" అన్నాను.

రెండక్షరాలు. నాలుక మీద ఇంకా ఉన్నాయి.

మే 14

నా పాత మూత తీసి చూసుకున్నాను. నొక్కే కడ్డీ చుట్టూ సందు ఉండేది. "కారుతుందమ్మా ఇది" అని సారు మూడుసార్లు వెనక్కి పంపారు. ఆ సందులోంచి గ్యాసు పోయేది. నాకు తెలియకుండానే నాది సరిగ్గా ఉంది. ఎవరికీ తెలియదు.

మే 16, శుక్రవారం

సోమవారం ధర్మవరంలో రైతుల మీటింగ్. షంషా చేసి చూపిస్తుంది. నన్నూ రమ్మన్నారు సారు. అక్కడ అప్పటికప్పుడు కలిపి, పది నిమిషాలకు విప్పుతుంది కదా. ఏమీ కాదు. మీటింగ్ అయ్యాక చెబుతాను. ఈ ఒక్కటీ అయిపోనీ.

మే 19, సోమవారం

రాయాలి.

కల్యాణమండపం నిండా జనం. ముందు వరుసలో షంషా వాళ్లమ్మ, కొత్త చీరలో. మా అక్క కూడా వచ్చింది. నేను రెండో వరుస.

షంషా టేబుల్ మీద రెండు సీసాలు పెట్టింది. ఒకటి కలపనిది, తెల్లగా. ఇంకొకటి పసుపు. "పది నిమిషాలు మిమ్మల్ని కూర్చోబెట్టకుండా ఒకటి పొద్దున్నే హిందూపురంలో కలిపి తెచ్చినా" అంది. నవ్వారందరూ. పొద్దున్నే కలిపింది. అంతదూరం జీపులో వచ్చింది. ఇంత ఎండలో.

ఆ పసుపు సీసా టేబుల్ మీద నిలవడం లేదు. ఊగుతోంది. ఆమె ఒక చేత్తో పట్టుకుని మాట్లాడుతోంది. నేను చూశాను. లేచాను. నోరు తెరిచాను. లేచి నిలబడ్డానంతే. ఆమె నన్ను చూసి నవ్వింది — మెచ్చుకోవడానికి లేచాననుకుంది — మూత తిప్పింది.

చప్పుడు. మూత ఎగిరింది. మందు ముఖం మీద చిమ్మింది. ఎడమ కన్ను పట్టుకుని కింద కూర్చుండిపోయింది. అరవలేదు. "అమ్మా" అని మెల్లగా... అంతే.

అప్పుడు కాళ్లు వచ్చాయి నాకు. వంట గది కుళాయి దగ్గరికి లాక్కెళ్లి, రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుని, నీళ్లు. నీళ్లు, నీళ్లు. ఆమె తన్నుకుంటున్నా వదల్లేదు. ఆటో వచ్చేదాకా వదల్లేదు.

వాళ్లమ్మ నా తడి చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. "నువ్వుండబట్టి సరిపోయిందమ్మా."

మే 20

కంటి డాక్టరు: నల్లగుడ్డు మీద కాలింది. వెంటనే కడగడం మంచిదైంది. చూపు ఎంతవరకు వస్తుందో పదిహేను రోజులు ఆగాలి.

రైతులకు వాడి చూడమని ఇచ్చిన సీసాలన్నీ సారు వెనక్కి తెప్పిస్తున్నారు. అక్క దగ్గర ఒకటి ఉండిందట. ఇంకా కలపలేదు. అక్క షెడ్డులోనే పేలి ఉంటే... ఈ వాక్యం పూర్తి చేయలేను.

మే 22, గురువారం

"ఏం చేద్దాం సరోజా?" సారు కుర్చీలో కూలబడి అడిగారు. గంటలో డ్రాయింగ్ ఇచ్చాను. మూత నడినెత్తిన గుండుసూది మొనంత రంధ్రం, దాని కింద పలుచటి రబ్బరు బిళ్ల. లోపలి గ్యాసు బయటికి పోతుంది, మందు కారదు.

సారు ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. ఎత్తి పట్టుకుని చూశారు.

"గంటలో! ఇట్లాంటి బుర్ర పెట్టుకుని ఇన్ని దినాలు ఏం చేస్తాంటివమ్మా?"

ఏం చేస్తున్నానా? ఈ డ్రాయింగ్ మే తొమ్మిదినే నా తలలో ఉంది.

మే 26

రబ్బరు బిళ్ల మూతలు వచ్చాయి. కలిపి, ఎండలో ఐదు గంటలు పెట్టాం. ఉబ్బలేదు. చప్పట్లు. ఈసారి నాకు.

కోరుకున్నది ఇదే కదా. ఇదే.

పక్క టేబుల్ మీద ఆమె కళ్లద్దాల పెట్టె. దుమ్ము పడుతోంది. తుడిచాను.

మే 29, గురువారం

అక్క ఫోన్. "ఆ పిల్ల కంటికి ఎట్లుండాది? నువ్వు పోయి చూస్తివా?"

"పోతా అక్కా."

"ఇంకా పోలేదా? ఏమయ్యిందే నీకు?"

జూన్ 1, ఆదివారం

ధర్మవరం వెళ్లాను.

మగ్గాల చప్పుడు వీధి పొడుగునా. వాళ్లిల్లు సందు చివర. షంషా మంచం మీద కూర్చుని ఉంది, ఎడమ కంటికి తెల్ల గుడ్డ. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. వాళ్లమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"వెలుతురు తెలుస్తాండాది మే. ఆకారాలు కూడా. అక్షరాలే ఇంకా రాలేదు." తర్వాత అంది — "నాదే తప్పు. పది నిమిషాలు చూసి చాలనుకుంటి. నీ రబ్బరు బిళ్ల సంగతి సారు చెప్పినాడు. నాకు తట్టనే లేదు సూడు. నేను ఉద్యోగం మానేస్తా. ఈ పని నాకు చాతకాదు."

ఇంతవరకూ వచ్చింది. ఇంతవరకూ వినడానికే నేను రెండు నెలలుగా కాచుకుని ఉన్నాను. విన్నాను. విని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ...

"నేను చూస్తి షంషా."

"ఏం చూస్తివి?"

"సీసా. ఉబ్బింది. కిటికీ కాడ. ముందే."

ఆమె కుడి కన్ను నా మీద నిలిచింది.

"నేను అడిగితి కదా నిన్ను. డ్రాయింగ్ పెట్టి అడిగితి."

"ఊ."

"ఎన్ని దినాల ముందు చూస్తివి?"

"పదకొండు."

ఏంటికి అని అడుగుతుందనుకున్నాను. జవాబు తయారు చేసుకుని వెళ్లాను. ఓర్వలేకపోయాను అని, నువ్వు వచ్చిన రోజు నుంచీ అని. అడగలేదు. వాళ్లమ్మ టీ తెచ్చింది. ముగ్గురం తాగాం. ఎండల సంగతి మాట్లాడింది వాళ్లమ్మ. గ్లాసు కింద పెట్టి షంషా మామూలు గొంతుతో అంది — "మా, సరోజకు బస్సు టైమయింది."

వాళ్లమ్మ వీధి చివరిదాకా వచ్చి సాగనంపింది.

జూన్ 2

టేబుల్ ఖాళీ. ఫోన్ చేస్తే షంషా ఎత్తలేదు. మళ్లీ చేయలేదు.

జూన్ 4, బుధవారం

మా ఆయనకు చెప్పాను. అంతా.

"ఆ పిల్లకు ఏంటికి చెప్పినావు?" అన్నాడు. మళ్లీ — "ముందే ఏంటికి చెప్పలేదు?"

లేచి వెళ్లి అన్నం వడ్డించాను.

జూన్ 6

ఆమె సారుకు ఫోన్ చేసి ఉంటుందనుకుని వారమంతా ఎదురుచూశాను. సారు ఈ రోజు కూడా "బాగున్నావా అమ్మా" అన్నారు. అంటే చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. నా పని కూడా ఆమే చేసి పెట్టాలా?... అవును, అదే కోరుకున్నాను.

జూన్ 9, సోమవారం

వచ్చింది.

నల్లద్దాలు. తొమ్మిదింటికే వచ్చి కూర్చుంది. అందరూ చుట్టూ మూగారు, నవ్వింది, అందరితో మాట్లాడింది. వాళ్లు వెళ్లాక నా వైపు తిరక్కుండానే అంది — "సారుకు నేను చెప్పను. అది నా పని కాదు."

"షంషా..."

"మాట్లాడొద్దు మే. ఇప్పుడు కాదు."

పన్నెండు దాకా కాగితం మీద వంగి గీసింది. ముఖం కాగితానికి అంత దగ్గరగా పెట్టి గీయడం మునుపు లేదు. ఒక గీత రెండుసార్లు తప్పి, చెరిపి, మళ్లీ గీసింది. చూడకూడదనుకుంటూనే చూశాను.

తర్వాత ఆ కాగితాన్ని నా టేబుల్ మీదికి జరిపింది.

మూత. నా రంధ్రం లేదు, నా రబ్బరు బిళ్ల లేదు. మూత బిగుసుకునే మర చుట్టల మీదుగా సన్నటి గాడి ఒకటి అడ్డంగా గీసింది, అంతే. ఒక చుట్టు తిప్పి పొడి పడ్డాక గ్యాసు ఆ గాడిలోంచి పోతుంది. మళ్లీ మూడే ముక్కలు.

కడుపులో అదే మంట. ఆ కంటితో గీసింది. ఆ కన్ను అలా ఉన్నది నా వల్ల. అయినా అదే మంట. తగ్గుతుందనుకున్నాను, ఇంత జరిగాక కూడా తగ్గకపోతే ఇక ఎప్పటికి...

"ఎట్లుండాది?" అంది.

కాగితాన్ని తిప్పి తిప్పి చూశాను. గాడి లోతు, వెడల్పు, సీసా పక్కకు ఒరిగితే మందు కారుతుందా — అన్నీ. ఒకచోట ఆగాను. గాడి చివర మూత అంచుకు మరీ దగ్గరగా ఉంది. మూత తిప్పేవాళ్ల వేలికి గ్యాసు తగులుతుంది.

పెన్సిల్ తీసుకుని అక్కడ చుట్టాను. "ఈడ. వేలికి తగులుతాది."

చూసింది. చాలాసేపు చూసింది. "ఊ" అంది. రబ్బరు తీసుకుని చెరిపింది.

ఇది సారు గది బయట కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. లోపల ఎవరో ఉన్నారు. ఏం చెప్పాలో మొదటి మాట దొరికింది, రెండోది దొరకలేదు. ఉద్యోగం పోతే పోతుంది. ఆ మూత మాత్రం ఇద్దరం కలిసి... లేదు, అది కూడా అడగకూడదు.

లోపల మాటలు ఆగాయి. కుర్చీలు జరుగుతున్నాయి.